కాళంగి ఇసకలో మొదలైన ఆట

నేను ఫుట్‌బాల్ ఆడినాను అంటే మా బంధువుల్లోనే కొందరు నమ్మరు. రింగు ఆట అయి ఉంటుందిలే, ఆ రోజుల్లో ఆడపిల్లలు ఆడింది అదే గదా అంటారు. కాదు, తోలు బంతి, కాలితో తన్నే ఆటే అని చెప్తే నవ్వి ఊరుకుంటారు. అందుకే మొదటినుంచి రాస్తా ఉన్నాను.

మా నాయన సూళ్లూరుపేటలో జీన్లు కుట్టేవాడు. స్టేషను ముందర నిలబడే జట్కా గుర్రాల జీన్లు, నడుం పట్టీలు, కళ్ళేల తోళ్ళు అన్నీ ఆయన చేతిమీదుగా పోవాల్సిందే. మేం సాయిబులమైనా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన అంగడి అంటే మా ఇంటి ముందు పంచే. ఒక పీట, చెక్క దిమ్మ, గోడకు తగిలించిన తోలు ముక్కలు, అంతే.

హైస్కూలు వాళ్ళ ఫుట్‌బాల్‌కు కుట్టు విడిస్తే బాగుచేసేదానికి మా నాయన దగ్గరికే పంపేవాళ్ళు. ఆయన పాత దారం పీకేసి, మైనం పట్టించిన కొత్త దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఎదురెదురుగా దూర్చి కుట్టేవాడు. తర్వాత లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టి, బంతి నోరు లేసుతో బిగించేవాడు. కుట్టు నిలిచిందో లేదో తెలియాలంటే గట్టిగా తన్ని చూడాలి. ఆయనకు చిన్నప్పుడు జబ్బు చేసి కుడికాలు సన్నబడిపోయింది, కర్ర లేందే నడవలేడు. కాబట్టి ఆ పని నాది. నాకప్పుడు పదకొండేళ్ళుంటాయి.

"గోడకేసి తన్ను మా. భయపడొద్దు, అది నొచ్చుకోదు" అనేవాడు.

మొదటిసారి బొటనవేలితో తన్ని, గోరు లేచిపోయి ఏడ్చినాను. తర్వాత్తర్వాత పాదం పైభాగంతో తన్నితే నొప్పి లేదనీ, బంతి నేను అనుకున్న చోటికే పోతుందనీ నాకై నేనే కనుక్కున్నాను. ఎడమకాలు నాకు బాగా కుదిరింది. బంతి బాగుచేసే పని వచ్చిందంటే ఆ రోజు నాకు పండగ. కుట్టు నిలిచిందని తేలినాక కూడా ఇంకొంచెం చూస్తాను నాయనా అని సాయంత్రం దాకా తన్నతానే ఉండేదాన్ని.

నేను హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాదే ఆడపిల్లలకు కొత్త డ్రిల్లు టీచరు వచ్చింది. క్రైస్తవుల ఇంటి మనిషి, మద్రాసులో ట్రైనింగయి వచ్చింది. తెల్లచీర, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఈల. నలుగురు అన్నదమ్ముల మధ్య పెరిగి వాళ్ళతో సమానంగా ఫుట్‌బాల్ ఆడిందంట. మాకు వారానికి రెండుసార్లు రింగు ఆట నేర్పేది. ఒకరోజు మగపిల్లలు ఆడతా ఉన్న బంతి మా వైపు దొర్లుకుంటా వచ్చింది. నేను ఆలోచించకుండా ఎడమకాలితో తన్నినాను. అది వాళ్ళందరి తలల మీదుగా పోయి అవతలి గోలు గుంజకు కొట్టుకునింది. మగపిల్లలు నోళ్ళు తెరుచుకొని చూసినారు. నాకైతే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. టీచరు నా దగ్గరికి వచ్చి, ఎవరు నేర్పినారని మెల్లగా అడిగింది. ఎవరూ లేరు, గోడ, అని చెప్పినాను.

ఆ తర్వాతి వారం నుంచి మా ఆట మారిపోయింది. స్కూలు గ్రౌండులో ఆడితే నలుగురి నోళ్ళలో పడతామని టీచరు మమ్మల్ని పొద్దున్నే కాళంగి ఏటికి తీసుకుపోయేది. వానలప్పుడు తప్ప ఆ ఏట్లో నీళ్ళుండవు, తెల్లటి ఇసకే. అక్కడ నలుగురి కళ్ళ అడ్డు లేదు గానీ పావడాల అడ్డు ఉండేది. పరిగెత్తితే కాళ్ళకు చుట్టుకొని ముందుకు పడేవాళ్ళం. మా ఇంట్లో పావడా కింద పైజామా వేసుకునే అలవాటు కాబట్టి నేను పావడా ఎగదోపి హాయిగా పరిగెత్తేదాన్ని. అది చూసి మిగతా పిల్లలంతా మాకూ అట్టాంటివి కావాలని పట్టుబట్టినారు. మా అమ్మ చేతిమిషను మీద పదిమంది పిల్లలకు, రెడ్ల పిల్లలకు, కోమట్ల పిల్లలకు, అందరికీ పైజామాలు కుట్టింది. ఎందుకని అడిగితే డ్రిల్లుకని చెప్పినాను. కానీ మా అమ్మకు అంతా తెలుసు. ఏటి ఇసకలో తవ్విన చెలమ నీళ్ళకు పోయి ఒకసారి మమ్మల్ని చూసిందంట. మీ నాయనకు మాత్రం చెప్పొద్దు, ఆయన కాలు తలుచుకొని నీ కాళ్ళకు ఏమవుతుందోనని దిగులు పడతాడు అనింది.

అట్టా ఏడాది గడిచింది. ఆయన ముందు ఏటి ఆట మాట ఎత్తేదాన్ని కాదు. ఆ దాపరికం నా గుండెల్లో బరువుగా ఉండేది.

పదో తరగతిలో ఉండగా టీచరు మమ్మల్ని మద్రాసు తీసుకుపోయింది. ఆమె చదువుకున్న స్కూల్లో ఆడపిల్లలకు ఒక జట్టు ఉందంట, వాళ్ళతో ఒక ఆట ఆడించేదానికి. ఇంట్లో డ్రిల్లు పోటీలని చెప్పినాను. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేయాలి. ఆ రోజు నేను ఒక గోలు వేసినాను. గడ్డి నేల మీద బంతి అంత నున్నగా దొర్లుతుందని నాకప్పటిదాకా తెలియదు. రెండో గోలుకు పోతా పోతా ఒక్కసారిగా పక్కకు తిరిగినాను. పాదం గడ్డిలో పట్టేసింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల ఏదో తెగినట్టు శబ్దం నాకే వినబడింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో కాలు చాపుకొని కూర్చున్నాను. నొప్పికంటే నాయనకు ఏం చెప్పాలి అన్నదే ఎక్కువ బాధపెట్టింది. మెట్ల మీద జారినానని చెప్దామా అని ఒక అబద్ధం, బండి దిగేటప్పుడు పడినానని ఇంకో అబద్ధం తయారు చేసుకున్నాను. సూళ్లూరుపేటలో దిగేసరికి స్టేషను ముందర మా నాయన జట్కా పెట్టుకొని నిలబడి ఉన్నాడు. కుంటుకుంటా వస్తా ఉంటే చూసినాడు. టీచరు చెయ్యి పట్టి బండెక్కించింది. బండి కదిలినాక ఆయన అడిగినాడు.

"ఏ కాలు?"

"ఎడమది నాయనా. మెట్ల మీద..."

"మెట్లు వద్దులే. గోలు వేసినావా లేదా?"

ఒకటి అని వేలు చూపించినాను. ఆయన బండి తోలేవాడికి వినబడకుండా నిదానంగా చెప్పినాడు. "ఏడాదినుంచి బంతి కుట్లలో తెల్ల ఇసక వస్తా ఉంది. మగపిల్లోళ్ళు ఆడేది గరుసు నేల మీద. ఏటి ఇసక ఎక్కడినుంచి వచ్చిందని ఆలోచించినాను. నీ పైజామా మడతల్లో కూడా అదే ఇసక. నువ్వే చెప్తావులే అని ఎదురుచూస్తా ఉన్నాను."

వద్దనాల్సింది గదా నాయనా అన్నాను. "నేను తన్నలేనిది నువ్వు తన్నతా ఉంటే ఎందుకు వద్దంటాను" అన్నాడు. ఆ జట్కాలో నేను నవ్వినానో ఏడ్చినానో నాకే తెలియదు. కాల్లో ఒకపక్క మంటలు పుడతా ఉన్నా, ఏడాదిగా మోసిన బరువు దిగిపోయి ఒళ్ళంతా తేలికైపోయింది.

మోకాలి వాపు తగ్గేదానికి రెండు నెలలు పట్టింది. మద్రాసులో డాక్టరుకు చూపించినాము. నడవొచ్చు, బరువులెత్తొచ్చు, మెట్లెక్కొచ్చు, కానీ పరిగెత్తి ఒక్కసారిగా పక్కకు తిరిగే పని ఇంక వద్దని చెప్పినాడు. ఫుట్‌బాల్ అంటే అదే గదా. నా ఆట అంతటితో అయిపోయింది. మా అమ్మ మాత్రం కాలు తీసెయ్యాలంటారేమోనని దారంతా వణికిపోయిందంట. డాక్టరు నడవొచ్చు అనగానే అక్కడే బల్ల మీద కూర్చొని కళ్ళు తుడుచుకునింది. ఆమె ముఖం చూసినాక నాకు ఏడవాలనిపించలేదు.

ఆ ఏడాదంతా నేను ఏటిగట్టు మీద టీచరు పక్కన కూర్చున్నాను. ఆడేటప్పుడు బంతి ఒక్కటే కనబడుతుంది. గట్టు మీద కూర్చుంటే పదిమందీ కనబడినారు. ఎవరు బంతి కోసం ఊరికే పరిగెత్తతా ఉన్నారు, ఎవరు ఖాళీ చూసుకొని నిలబడతా ఉన్నారు, ఎవరికి భయం, ఎవరికి స్వార్థం, అంతా తెలిసింది. నేను ఒక్కో మాట చెప్తా ఉంటే టీచరు ఈల ఊది ఆట ఆపి, ఆ మాట నాతోనే వాళ్ళకు చెప్పించేది. నువ్వు ట్రైనింగుకు పో, మంచి డ్రిల్లు టీచరువవుతావు అని మొదట అన్నది ఆమే. కుంటికాలికి డ్రిల్లు టీచరు ఉద్యోగం ఎవరిస్తారని నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. స్కూలు చదువు కాగానే దరఖాస్తు కాగితం తెప్పించి, నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

మద్రాసులో ట్రైనింగుకు మనుషుల్ని ఎంచుకునే రోజున ముప్పై నలభై మంది అమ్మాయిలు వచ్చినారు. పరుగు, ఎగురుడు, తాడు ఎక్కడం అన్నీ పరీక్షలే. నా వంతు వచ్చేసరికి మోకాలు తడుముకున్నాను. మోకాలి సంగతి దాచి పరిగెత్తేస్తే ఒకసారికి ఏమీ కాకపోవచ్చు. కానీ జట్కాలో మా నాయన ముందు అబద్ధం నోట్లోనే ఆగిపోవడం గుర్తొచ్చింది. అక్కడ కూర్చున్న పెద్దావిడ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. మోకాలు చెడింది, పరిగెత్తి మలుపు తిరగలేను, కానీ ఆట నేర్పగలను అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. పక్కనున్న ఇద్దరూ తల అడ్డంగా ఊపినారు. ఆవిడ మాత్రం "నేర్పు చూస్తాను" అనింది.

హాస్టలు నుంచి ఎనిమిది మంది పిల్లల్ని పిలిపించినారు. బంతిని ఎప్పుడూ కాలితో ముట్టని పిల్లలు. పావుగంట టైమిచ్చినారు. వాళ్ళకు తెలుగు రాదు, మా సూళ్లూరుపేట అరవం నాకు అక్కరకొచ్చింది. తన్నమని చెప్పలేదు నేను. గుండ్రంగా నిలబెట్టి, వచ్చిన బంతిని అరికాలి కింద ఆపి, తలెత్తి ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి, అప్పుడు మెల్లగా తొయ్యమన్నాను. మొదట్లో బంతి అటూ ఇటూ పోయింది. తర్వాత ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. పిల్లలకే ఆశ్చర్యమై నవ్వినారు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. టైమయిపోయిందని ఎవరూ చెప్పలేదు. నేను తిరిగి చూసేసరికి ఆ పెద్దావిడ బల్ల దగ్గర లేదు, పిల్లల గుండ్రంలో నిలబడి తన వంతు కోసం చూస్తా ఉంది.

నా పేరు ఆ సాయంత్రమే బోర్డు మీద రాసినారు. తోడొచ్చిన మా నాయన బయట చెట్టు కింద కర్రమీద ఆనుకొని నిలబడి ఉన్నాడు. సీటు వచ్చింది నాయనా అన్నాను. ఆయన చాలాసేపు తల ఊపతా ఉన్నాడు.

ట్రైనింగయినాక మొదటి ఉద్యోగం చిట్టమూరు వైపు ఒక హైస్కూల్లో. చుట్టూ వరి మళ్ళు, కొంచెం దూరం పోతే ఉప్పుగాలి. హెడ్మాస్టరు గారు మంచివారే గానీ జాగ్రత్త మనిషి. ఫుట్‌బాల్ అనగానే ఆడపిల్లల ఆటల పట్టికలో అది లేదమ్మా అన్నారు. వద్దని మాత్రం అనలేదు. ఆ సందులోంచే నేను దూరినాను. ఏడాదిన్నరకు పన్నెండు మంది పిల్లలు తయారైనారు. వాళ్ళల్లో అందరికంటే మంచి ఆటగత్తె ఒక రైతు కూతురు. సన్నగా, నల్లగా, మడిగట్టు మీద పరిగెత్తి పరిగెత్తి ఎట్లాంటి నేల మీదైనా జారని పిల్ల. ఆమె నాయనకు మాత్రం ఈ ఆట సుతరామూ ఇష్టం లేదు. నాట్లప్పుడు, కోతలప్పుడు పిల్లను పంపేవాడు కాదు. స్కూలుకొచ్చి నన్ను చూస్తే పలకరించకుండా హెడ్మాస్టరు గారితోనే మాట్లాడిపోయేవాడు.

నాతో ట్రైనింగు చేసిన ఒకామె నెల్లూరు ఆడపిల్లల స్కూల్లో పనిచేస్తా ఉండింది. ఆమె కూడా ఒక జట్టు తయారు చేసి, మీ పిల్లల్ని తీసుకురమ్మని జాబు రాసింది. హెడ్మాస్టరు గారు రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టినారు. పన్నెండు ఇళ్ళకూ నేనే పోయి అడిగినాను. రైతు ఇంటికి చివర పోయినాను. ఆయన గొడ్డుకు గడ్డి వేస్తా నా మాటలన్నీ విని, "మర్నాటి సాయంత్రానికి నా బిడ్డ ఇంట్లో ఉండాల. ఒక్క పూట ఆలస్యమైనా ఇంక ఆట లేదు టీచరమ్మా" అన్నాడు. సరే అన్నా అని మాటిచ్చి వచ్చినాను.

నెల్లూరులో ఆట బాగా జరిగింది. ఒక్క గోలుతో ఓడిపోయినాము. ఆ రాత్రికి ఆ స్కూలు హాస్టల్లోనే పడుకున్నాము. తెల్లారేసరికి గాలివాన. బస్సు బయల్దేరింది గానీ మనుబోలు దాటినాక వాగు రోడ్డెక్కి పారతా ఉంది. డ్రైవరు బండి వెనక్కి తిప్పి మమ్మల్ని మనుబోలులో దించేసినాడు. రైలు కట్ట కూడా కోసుకుపోయిందన్నారు. తంతి ఇద్దామని పోస్టాఫీసుకు పోతే తీగలు తెగిపోయినాయి.

అక్కడి స్కూలు తలుపులు తీయించి పిల్లల్ని ఉంచినాను. ఊళ్ళోవాళ్ళు అన్నం, చారు, ఊరగాయ తెచ్చి పెట్టినారు. పిల్లలకు దిగులే లేదు. వరండాలో వరసగా కూర్చొని ఆ ఒక్క గోలు ఎట్టా పడింది, ఎవరి తప్పు అని వాదించుకుంటా ఉన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. పన్నెండు మంది తల్లుల ముఖాలు కళ్ళ ముందు తిరిగినాయి. రెండోరోజు పొద్దునకు రైతు కూతురికి ఒళ్ళు కాలిపోతా ఉంది. ఆ వానలోనే పోయి ఒక కాంపౌండరును పిలుచుకొచ్చినాను. ఆయన మందిచ్చి, చలిజ్వరమే, తగ్గుతుంది అన్నాడు. ఆ పిల్ల పక్కన కూర్చొని తడిగుడ్డ మారుస్తా, ఈమెకు ఏమీ కాకుండా ఉంటే చాలు, ఉద్యోగం పోయినా పర్వాలేదు, ఈ ఆట ఇంక మాట్లాడను అని మనసులో వెయ్యిసార్లు అనుకొనుంటాను. మధ్యాహ్నానికి చెమట పట్టింది. సాయంత్రానికి లేచి కూర్చొని ఆకలి అనింది. అప్పుడు నేను కూడా అన్నం తిన్నాను.

మూడోరోజు వాన వెలిసింది. వాగు నీళ్ళు మోకాటిలోతుకు దిగినాయి. పిల్లల్ని తీసుకొని గట్టుకు పోయేసరికి అవతల రెండెద్దుల బండ్లు మూడు నిలబడి ఉన్నాయి. మా పిల్లల నాయనలు. రైళ్ళు, బస్సులు లేవని తెలిసి అంతదూరం బండ్లు కట్టుకొచ్చినారు. అందరికంటే ముందు పంచె ఎగ్గట్టి నీళ్ళలో దిగినవాడు ఆ రైతే.

నేను పిల్లల ముందుకొచ్చి నిలబడినాను. ఆయన ఇవతలికొచ్చి ముందు పిల్లలందర్నీ ఒక్కొక్కరినే చూసుకున్నాడు. తర్వాత కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టినాడు. ముఖం పీక్కుపోయి ఉంది గదా, కనిపెట్టినాడు.

"జ్వరమొచ్చింది అన్నా. మందిప్పించినాను, నిన్నటికి తగ్గింది. నేను మాట నిలుపుకోలేకపోయినాను" అన్నాను.

ఆయన వాగు వైపు చూసినాడు. "దీనికి నువ్వేం చేస్తావు టీచరమ్మా" అన్నాడు. పంచె బిగించుకొని, "మూడు దినాలుగా మా ఆడోళ్ళు ఏడస్తా ఉంటే నేనే చెప్పినాను, ఆయమ్మ పిల్లల్ని ఇడిచిపెట్టే మనిషి కాదు అని" అన్నాడు.

అంతవరకూ బిగబట్టిన కళ్ళనీళ్ళు అక్కడ ఆగలేదు. పిల్లల ముందు ఏడవకూడదని పక్కకు తిరిగినాను. ఆయన కూతుర్ని భుజానికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగి, తిరిగి చూడకుండానే అడిగినాడు.

"గెలిచినారా?"

"లేదన్నా. ఒక్క గోలు తేడా."

"ఒక్కటే గదా" అన్నాడు, నీళ్ళలోకి దిగతా.

ఒకరి తర్వాత ఒకరు పిల్లలంతా ఆ గట్టు చేరినారు. నన్ను చివర దాటించినారు. బండిలో పిల్లల మధ్య కూర్చున్నాక నాకు మూడు రోజుల నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చింది. గూడూరు ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో తెలియదు. పట్టపగలు, అంత కుదుపులో, అంత హాయిగా నేనెప్పుడూ నిద్రపోలేదు.

సోమవారం స్కూలుకు పోయేటప్పుడు మళ్ళీ దిగులు పట్టుకునింది. తండ్రులు దారిలో మంచిమాట అని ఉండొచ్చు, ఇళ్ళల్లో తల్లులు ఊరుకుంటారా అనుకున్నాను. హెడ్మాస్టరు గారు గదిలోకి పిలిచినారు. పిల్లలందరూ క్షేమమే గదా అని అడిగి, టైంటేబులు కాగితం నా ముందుకు తోసినారు. ఆడపిల్లల డ్రిల్లు గడిలో, రింగు ఆట పక్కన, తన చేత్తో ఫుట్‌బాల్ అని రాసి ఉన్నారు. వానాకాలంలో మాత్రం బయటి ఊళ్ళకు వద్దమ్మా అన్నారు. అట్లాగే సార్ అన్నాను.

సాయంత్రం గ్రౌండంతా చిత్తడి. ఆట పెట్టే ఉద్దేశం లేదు నాకు, ఊరికే చూసి పోదామని వెళ్ళినాను. పదకొండు మంది వచ్చి ఉన్నారు. రైతు కూతురు ఒక్కతే రాలేదు, ఇంకో నాలుగు రోజులు పడుకోవాలని వాళ్ళమ్మ చెప్పి పంపిందంట. చెప్పింది ఆ పిల్ల చెల్లెలు, ఆరో తరగతి. చెప్పేసి పోలేదు, పావడా ఎగదోపుకొని అక్కడే నిలబడింది. బురదలో జారతారు, ఈరోజు ఇళ్ళకు పోండి అని చెప్పినాను. ఎవరూ కదల్లేదు. నేనూ రెండోసారి చెప్పలేదు.